చెక్క ఒంటి మీద ఐదు కార్లు

టురిన్‌లో, డోరా నది ఒడ్డున,
రేకుల కప్పు కింద
ఆ చెక్క ఆకారం ఇంకా ఉంది.
ఇంజను లేదు, చక్రాల్లేవు,
ఎక్కడికీ వెళ్లని కారు అది.
వెళ్లిన ప్రతి కారూ దాని మీదే పుట్టింది.
అల్యూమినియం రేకును దాని భుజానికి ఆనించి
సుత్తులతో బుజ్జగించేవాళ్లం.

ఆవెర్లా.
పురుగుల్ని ముళ్లకు గుచ్చి దాచుకునే చిన్న పిట్ట.
ఆ పేరు పెట్టింది యజమాని.
ఒళ్లు ఇచ్చింది మా మేస్త్రీ, ఎలిజియో గ్రిబాడో.
పదహారేళ్లకు ఆయన దగ్గర చేరి
మొదటి ఏడాదంతా జిగురు కాచాను.

మొన్న బెర్న్ నుంచి రెగులా జ్బిండెన్ అనే ఆవిడ వచ్చింది.
యాభై ఎనిమిది నాటి బండి, పన్నెండో నంబరు,
ఎడమ రెక్కను కొండమలుపులో గోడకు అప్పజెప్పి.
"మొదటి సిరీస్ వంపే కావాలి" అంది.
మొదటి వంపు ఎక్కడుందని?
మేస్త్రీ దేన్నీ పారేసే మనిషి కాదు,
కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా
పాతదాని మీదే పేడు అతికించి చిత్రిక పట్టేవాడు.

ఉలి తీసుకున్నాను.

పై పొర డెబ్బై మూడు.
వెనక సీట్లో ఇద్దరు పిల్లలు పట్టాలన్నారు ఆ ఏడు.
పిల్లలు కాదు, రెండు పుచ్చకాయలు పడతాయన్నాడు మేస్త్రీ.
నడుము సాగదీశాం. పెట్రోలు ధర మండిపోయింది.
నలభై ఒక్కటి అమ్ముడై ఆగింది.
చవక ప్లైవుడ్, గోటికే ఊడొచ్చింది.

దాని కింద అమెరికా బండి.
సముద్రం అవతలి చట్టం
దీపాలు ఇంకాస్త ఎత్తులో ఉండాలంది.
ఎవరో తిట్టినట్టు కనుబొమలెగరేసింది పాపం.
మూతికి నల్ల రబ్బరు చిక్కం.
ఆ వారం మేస్త్రీ ఎవరితోనూ మాట్లాడలేదు.
అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయింది అదే.
మా ఇంట్లో ఫ్రిజ్ కొన్నదీ ఆ డబ్బుతోనే.

తర్వాత, అంటే ముందు,
ఆరు సిలిండర్ల కోసం జానెడు పెరిగిన ముక్కు.
వేలంపాటల్లో చేతులు లేచేది దీనికే.
బీచ్ చెక్క, సబ్బులా నున్నగా,
తీయడానికి నాకు చేతులు రాలేదు.
కాఫీ తాగొచ్చాను. కొలతలన్నీ రాసుకున్నాను.
మళ్లీ కాఫీ తాగొచ్చాను.
తీశాను.

అరవై ఒకటిలో పెరిగింది కప్పు ఒక్కటే, రెండు వేళ్లు,
టోపీ తీయనని పట్టుబట్టిన
ఒక జెనోవా ఓడల వ్యాపారి కోసం.
రెక్కతో దానికి పని లేదు,
దాన్ని అలాగే ఉండనిచ్చాను.

అడుగున వాల్‌నట్.
దాని మీద మేస్త్రీ పెన్సిల్ గీత, చెరగలేదు.
పక్కనే ఒక లెక్క:
రొట్టె, ఉల్లిపాయలు, బెప్పేకి బాకీ మూడు వందల లీరాలు.

కుడివైపూ విప్పి కొలిచాను.
ఎడమ రెక్క నాలుగు మిల్లీమీటర్లు బొద్దు.
చెక్క ఉబ్బిందేమో అనుకున్నాను.
మళ్లీ కొలిచాను. నాలుగే.
డ్రాయింగులో రెండూ సమానం.

అప్పుడు తట్టింది, ఆయన ఒకసారి
బీడీ ముక్కంత సిగరెట్టు ఆర్పుతూ అన్నమాట:
ఆ చలికాలం కుడివైపు పొద్దున్నే చెక్కేవాణ్ని, కిటికీ దగ్గర.
ఎడమవైపు రాత్రిళ్లు, ఒక్క బల్బు కింద.
నీడను నమ్మి కాస్త కండ వదిలేశాను.

తర్వాతి ప్రతి మోడలూ
ఆ కండను కొంచెం కొంచెంగా కప్పెట్టుకుంటూ పోయింది.

బెర్న్‌కి ఫోన్ చేశాను. సమానం చేయమంటారా అని అడిగాను.
ఆవిడ చాలాసేపు పలకలేదు.
"అది ఎప్పుడూ ఎడమకి చూస్తున్నట్టుండేది,
నా కళ్లద్దాలు మార్పించుకున్నాను కూడా" అంది.

రేకు కత్తిరించి సిద్ధం చేశాను.
ట్యూబ్‌లైట్లు ఆర్పేశాను.
దూలానికి ఒక్క బల్బు కట్టి
పొద్దు గుంకేదాకా
సుత్తి ముట్టుకోలేదు.